పొద్దుతిరుగుడు ఇంటిపేరు తెలుసా?

హైబ్రిడ్ గింజ వెనుక అమెరికా అడవి మొక్క

పొద్దుతిరుగుడు వేసే రైతు ప్రతిసారీ కొత్త విత్తనం కొంటాడు. కంది, పెసర, శనగ అయితే ఇంట్లో దాచుకున్న గింజలే వేసుకోవచ్చు. మరి పొద్దుతిరుగుడు హైబ్రిడ్ గింజల్ని ఎందుకు దాచుకోకూడదు? 'కూడదు' అని చెప్పేవాళ్లే గానీ, ఎందుకు కూడదో విడమరచి చెప్పేవాళ్లు తక్కువ. చేతిలో డబ్బు ఆడని ఏడాది 'పోనీలే, కళ్లంలో గింజలే వేద్దాం' అనుకునే చిన్న రైతుకు ఆ కారణం తెలియడం చాలా అవసరం. అది తెలియాలంటే ఈ మొక్క పుట్టిల్లు ఏది, దాని ఇంటిపేరేమిటి, చుట్టాలెవరు అన్నది కాస్త తెలుసుకోవాలి.

పుట్టిల్లు ఉత్తర అమెరికా

పొద్దుతిరుగుడు మన మొక్క కాదు. దాని పుట్టిల్లు ఉత్తర అమెరికా. 4 వేల ఏళ్లకు ముందే అక్కడి ఆదివాసులు గింజ కోసం దీన్ని సాగుచేశారు. అడవి పొద్దుతిరుగుడుకు ఒక్క మొక్కకే బోలెడు కొమ్మలు, కొమ్మకొమ్మకూ చిన్న చిన్న పూలు. గింజా చిన్నదే. ఆదివాసులు పెద్ద పువ్వు, పెద్ద గింజ ఉన్న మొక్కల్ని ఏరి వాటినే విత్తనానికి ఉంచుకుంటూ వచ్చారు. అలా తరతరాల ఏరివేత వల్ల ఒకే కాండం, ఒకే పెద్ద పువ్వు ఉన్న పంట తయారైంది.

16వ శతాబ్దంలో ఈ మొక్క ఐరోపా చేరింది. మొదట్లో తోటల్లో అందానికే పెంచారు. దాన్ని గట్టి నూనెపంటగా మార్చింది రష్యావాళ్లు. క్రాస్నోదార్‌లో పుస్తోవాయిత్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పనిచేసి, 30 శాతం దరిదాపుల్లో ఉన్న నూనెను 50 శాతం దగ్గరకు తెచ్చాడు. 1969లో నూనెపంటగా మన దేశానికి వచ్చినవి ఆ రష్యా రకాలే. పెరెడోవిక్ పేరు పాత రైతులకు గుర్తుండే ఉంటుంది. పొట్టి రకం మోర్డెన్ మాత్రం కెనడా నుంచి వచ్చింది. మోర్డెన్ అన్నది అక్కడి ఒక ఊరి పేరు.

ఇంటిపేరు ముందు, పేరు తర్వాత

ఒకే మొక్కను ఊరికో పేరుతో పిలిస్తే చిక్కే. 1597లో ఇంగ్లండులో జెరార్డ్ రాసిన మొక్కల పుస్తకంలో పొద్దుతిరుగుడును పెరూ బంతి అని కూడా పిలిచాడు. అది పెరూ మొక్కా కాదు, బంతీ కాదు. ఇలాంటి గందరగోళం పోవడానికే స్వీడన్ దేశపు లిన్నేయస్ 1753లో ప్రతి మొక్కకూ రెండే రెండు మాటల పేరు పెట్టాడు. పొద్దుతిరుగుడుకు పెట్టిన పేరు హీలియాంథస్ ఆన్యుయస్. గ్రీకు భాషలో హీలియోస్ అంటే సూర్యుడు, ఆంథోస్ అంటే పువ్వు. ఆన్యుయస్ అంటే ఏడాదిలో బతుకు ముగించేది. లిన్నేయస్ కూడా దాని పుట్టిల్లు పెరూ, మెక్సికో అనే రాశాడు. ఊరు సరిగా పడకపోయినా పేరు మాత్రం నిలిచింది.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. మనమూ ఇంటిపేరు ముందు రాసి, సొంత పేరు తర్వాత రాస్తాం. మొక్కలకూ అంతే. హీలియాంథస్ ఇంటిపేరు, ఆన్యుయస్ సొంత పేరు. ఇంటిపేరును శాస్త్రవేత్తలు ప్రజాతి అంటారు, సొంత పేరు ఉన్నదాన్ని జాతి అంటారు. హీలియాంథస్ ఇంటిపేరుతో సుమారు 50 జాతులున్నాయి. అన్నింటి పుట్టిల్లూ ఉత్తర అమెరికానే. దుంపలు ఊరేది ట్యూబరోసస్. వెండిలా మెరిసే ఆకులున్న టెక్సాస్ మొక్క ఆర్గోఫిల్లస్. ఆకుకు పొడవాటి కాడ ఉన్నది పెటియోలారిస్. ఈ చివరి దానికి 1821లో నట్టాల్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టాడు. దీని పేరు గుర్తుంచుకోండి. మన కథ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇంటిపేర్లు కొన్ని కలిస్తే ఒక కుటుంబం. పొద్దుతిరుగుడు కుటుంబంలోనే బంతి, చామంతి, కుసుమ, మన గట్ల మీద పెరిగే వయ్యారిభామ కూడా ఉన్నాయి. చిన్న చిన్న పూలెన్నో ఒక్కచోట చేరి ఒకే పువ్వులా కనిపించడం ఈ కుటుంబం గుర్తు. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి వందలాది పూల గుంపు. అందుకే ఒక్క తలలో అన్ని గింజలు.

సంబంధం ఎక్కడ కలుస్తుంది?

పక్క చేలో కుసుమ ఉంటే పొద్దుతిరుగుడుతో సంకరం అవుతుందా అని కొందరికి అనుమానం. కాదు. కుటుంబం ఒకటైనా ఇంటిపేర్లు వేరు. మనుషుల్లో ఒకే ఇంటిపేరు వాళ్లకు పెళ్లి సంబంధం చూడరు. మొక్కల్లో దీనికి తిరగేసిన కట్టుబాటు. సాధారణంగా ఒకే ఇంటిపేరున్న వాటి మధ్యే సంబంధం కుదురుతుంది. అదీ అన్నిసార్లూ సులువుగా కాదు.

అమెరికా మైదానాల్లో ఆన్యుయస్ బరువు నేలల్లో ఎక్కువ, పెటియోలారిస్ ఇసుక నేలల్లో ఎక్కువ. రెండు నేలలూ కలిసే చోట, రోడ్ల పక్కన రెండూ పక్కపక్కనే పూస్తాయి. తేనెటీగ దీని పుప్పొడి దానికి అంటిస్తుంది. సంకర మొక్కలు పుడతాయి. రెండింటికీ క్రోమోజోములు 34 చొప్పునే ఉన్నా వాటి అమరికలో తేడా ఉంది. అందుచేత మొదటి తరం సంకరాల్లో పుప్పొడి చాలామటుకు తాలు. చార్లెస్ హైజర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1940ల నుంచే ఈ సంకరాల్ని పరిశీలించాడు.

తాలు పుప్పొడితో వంశం అక్కడితో ఆగిపోవాలి. కానీ అన్నిచోట్లా ఆగలేదు. తట్టుకుని నిలబడ్డ కొన్ని సంకరాలు వేల ఏళ్లలో కొత్త జాతులే అయ్యాయి. ఒకటి ఇసుక దిబ్బల మీద, ఇంకొకటి ఎడారి నేలలో, మూడోది ఉప్పు చవిటి నేలలో బతుకుతున్నాయి. తల్లీ తండ్రీ బతకలేని చోట పిల్లలు బతికాయన్న మాట. లోరెన్ రీస్‌బర్గ్ బృందం 2003లో ఈ సంగతిని వివరంగా చూపించింది.

హైబ్రిడ్‌కు దారి దొరికింది ఇలా

హైబ్రిడ్ విత్తనం అంటే రెండు వేరువేరు వరుసల్ని కలిపి తీసిన మొదటి తరం గింజ. పొద్దుతిరుగుడులో ఇది కష్టమైన పని. ఒక్కో తలలో వందల పూలు, ప్రతి పువ్వులోనూ ఆడ మగ భాగాలు రెండూ ఉంటాయి. తల్లి మొక్క పుప్పొడిని చేత్తో తీసేయాలంటే ఎకరాలకు ఎకరాలు ఎవరు తీస్తారు? పుప్పొడి కట్టని తల్లి మొక్క దొరికితేనే పని జరుగుతుంది.

అది 1969లో దొరికింది. ఫ్రాన్స్ శాస్త్రవేత్త లెక్లెర్క్ అడవి మొక్క పెటియోలారిస్‌ను తల్లిగా, సాగు పొద్దుతిరుగుడును తండ్రిగా పెట్టి సంకరం చేశాడు. ఆ సంతతిలో పుప్పొడి కట్టని మొక్కలు వచ్చాయి. ఈ గుణం తల్లి వైపు నుంచి మాత్రమే వస్తుంది. అయితే హైబ్రిడ్ కూడా పుప్పొడి లేకుండా ఉంటే రైతు చేలో గింజ ఎలా కడుతుంది? దానికి విరుగుడు 1970లో అమెరికా శాస్త్రవేత్త కిన్‌మన్ చూపించాడు. పుప్పొడిని మళ్లీ తెప్పించే జన్యువును ఆయన గుర్తించాడు. దాన్ని తండ్రి వరుసలో పెట్టారు.

ఇప్పుడు హైబ్రిడ్ తయారీకి మూడు వరుసలు కావాలి. 'ఎ' వరుస పుప్పొడి కట్టని తల్లి. 'బి' వరుస ఆ తల్లిని అలాగే నిలిపి పెంచేది. 'ఆర్' వరుస పుప్పొడిని తిరిగి తెచ్చే తండ్రి. విత్తనోత్పత్తి చేలో 3 సాళ్లు తల్లి, 1 సాలు తండ్రి వేస్తారు. తేనెటీగలు పుప్పొడిని తల్లి సాళ్లకు చేరుస్తాయి. తల్లి సాళ్లలో పుప్పొడి రాల్చే మొక్క కనబడితే పీకేస్తారు. ధ్రువీకరణ విత్తనానికి చుట్టూ 400 మీటర్ల దాకా వేరే పొద్దుతిరుగుడు ఉండకూడదు. విత్తనం ఖరీదులో ఈ చాకిరీ అంతా కలిసే ఉంటుంది.

మన దేశంలో మొదటి పొద్దుతిరుగుడు హైబ్రిడ్ బిఎస్‌హెచ్-1. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1980లో విడుదల చేసింది. దాని తండ్రి ఆర్‌హెచ్‌ఏ-274 అమెరికాలో తయారైన వరుస. ఆ పేరులో ఆర్ అంటే పుప్పొడి తెచ్చేది, హెచ్ఏ అంటే హీలియాంథస్ ఆన్యుయస్. లిన్నేయస్ పెట్టిన పేరు ఇప్పటికీ అక్షరాల్లో అలా నడుస్తోంది. తర్వాత వచ్చిన కెబిఎస్‌హెచ్-1, హైదరాబాద్‌లో తయారైన డిఆర్‌ఎస్‌హెచ్-1, నంద్యాల హైబ్రిడ్ ఎన్‌డిఎస్‌హెచ్-1 పేర్లలో కూడా చివరి రెండక్షరాలూ ఎస్, హెచ్. ఎస్ అంటే సన్‌ఫ్లవర్, హెచ్ అంటే హైబ్రిడ్.

కళ్లంలో గింజ విత్తితే ఏమవుతుంది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. హైబ్రిడ్ చేలో మొక్కలన్నీ ఒకే ఎత్తు, ఒకేసారి పూత, ఒకేసారి కోత. కానీ ఆ మొక్కల గింజను మళ్లీ విత్తితే తాత, అమ్మమ్మల గుణాలన్నీ విడిపోయి బయటపడతాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకటి ముందు పూస్తుంది, ఇంకొకటి పది రోజులు ఆలస్యం. కోత ఒక్కసారికి రాదు.

ఇంకో దెబ్బ కంటికి వెంటనే కనబడదు. హైబ్రిడ్ మొక్కకు పుప్పొడి తెచ్చే జన్యువు తండ్రి నుంచి ఒక్క పాలే వచ్చింది. దాని పిల్లల్లో లెక్క ప్రకారం నాలుగింట ఒక మొక్కకు ఆ పాలు అందదు. ఆ మొక్కలకు పుప్పొడి ఉండదు. పక్క మొక్క పుప్పొడిని తేనెటీగ తెచ్చిపెడితేనే వాటికి గింజ. తేనెటీగలు లేని రోజుల్లో, మబ్బులు పట్టినప్పుడు తలలో తాలు పెరుగుతుంది. విత్తనం ఖర్చు మిగిలిందనుకుంటే దిగుబడిలో అంతకు మించి పోతుంది.

మోర్డెన్ లాంటి రకాల సంగతి వేరు. అవి హైబ్రిడ్‌లు కావు. వాటి గింజను దాచుకోవచ్చు. అయితే దగ్గర్లో వేరే పొద్దుతిరుగుడు ఉండకూడదు. చేను నడుమ నుంచి మంచి తలలు ఏరుకోవాలి. రెండు మూడేళ్లకోసారి కొత్త విత్తనం తెచ్చుకోవాలి.

గట్టు మీది చుట్టంతో జాగ్రత్త

వయ్యారిభామ కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. పొద్దుతిరుగుడుతో అది సంకరం కాదు గానీ ఇంకో విధంగా చేటు చేస్తుంది. 1997లో కర్ణాటకలోని బాగేపల్లి దగ్గర పొద్దుతిరుగుడులో నెక్రోసిస్ తెగులు కనిపించింది. అది తర్వాత మన ప్రాంతాలకూ పాకింది. ఈ వైరస్ వయ్యారిభామలో పైకి ఏ లక్షణమూ చూపకుండా ఉంటుంది. దాని పుప్పొడిలో దాగి, తామర పురుగుల ద్వారా పంటకు చేరుతుంది. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగను దెబ్బతీసిన కాండం కుళ్లు తెగులుకూ ఇదే వైరస్ కారణం. కాబట్టి గట్ల మీది వయ్యారిభామను పూతకు రాకముందే పీకెయ్యాలి. చేను చుట్టూ 3-4 సాళ్లు జొన్న వేస్తే పురుగుల రాక తగ్గుతుంది.

విత్తనం కొనేటప్పుడు

* సంచి మీద రకమా, హైబ్రిడా అన్నది ముందు చూడండి. హైబ్రిడ్ అయితే దాని గింజ తిరిగి విత్తనానికి పనికిరాదు.
* ధ్రువీకరణ విత్తనానికి నీలి రంగు ట్యాగు ఉంటుంది. లాట్ నంబరు, మొలక శాతం, గడువు తేదీ చదవండి. చదవడం రాకపోతే బడికెళ్లే పిల్లల చేత చదివించండి.
* మొలక 70 శాతానికి తగ్గకూడదు. ఇంటి దగ్గర తడిగుడ్డలో 100 గింజలు మూటగట్టి చూసుకోండి.
* కొత్తగా కోసిన గింజకు నెలన్నర దాకా నిద్రావస్థ ఉంటుంది. వెంటనే విత్తితే సరిగా మొలవదు.
* బిల్లు తప్పక అడగండి. బిల్లు, ఖాళీ సంచి, ట్యాగు కోత అయ్యేదాకా దాచండి. మొలక రాకపోయినా, చేలో కలుపు మొక్కలు తేలినా నిలదీయడానికి రైతు చేతిలో ఉండే ఆధారం అదే.