మూడవ తరగతి: నేర్వవలసిన పాఠములు, రానున్న ఉత్సవములు



వేసవి సెలవులు ముగిసి పాఠశాల మరల తెరవబడినది. మూడవ తరగతి పిల్లలు ఆగస్టు నెలాఖరులోపల ఏమి నేర్తురో, ఏయే ఉత్సవములందు పాల్గొందురో, ఇంటియొద్ద పెద్దలు చేయదగిన సాయమెట్టిదో తెలుపుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదటి పాఠము హ్రస్వదీర్ఘ భేదము. ఒడిశాలో పెరుగు మన పిల్లలు తెలుగుతోపాటు ఒడియాయు నేర్చుచున్నారు. ఒడియా లిపిలో ఏకారమునకు ఒక్క అక్షరమే, ఓకారమునకు ఒక్క అక్షరమే కలదు. తెలుగునందో ఎ-ఏ, ఒ-ఓ అని రెండేసి కలవు. కావుననే రెండు లిపులు చదువు బాలుడు 'నెల' అని వ్రాయవలసిన చోట 'నేల' అని వ్రాయుట కలదు. ఇది తెలివితక్కువ కాదు; చెవికి అభ్యాసము చాలకపోవుటయే. హ్రస్వము పలుకు కాలము ఒక మాత్ర, దీర్ఘము పలుకు కాలము రెండు మాత్రలు. చిటిక వేయు కాలమునే మాత్ర యందురు. 'నెల' అనునప్పుడు మొదటి అక్షరమునకు ఒక చిటిక, 'నేల' అనునప్పుడు రెండు చిటికలు వేయింతుము. మెడ-మేడ, దొర-దోర అను జంటలను ఇంటియొద్దను ఇట్లే పలికింపుడు.

రెండవ పాఠము వత్తులు. ఒక హల్లునకు ఆ హల్లే వత్తుగా చేరినచో ద్విత్వము: అక్క, అమ్మ, గడ్డి. వేరొక హల్లు చేరినచో సంయుక్తము: పద్యము, పుస్తకము. మూడవ పాఠము సొంతవాక్య రచన. ప్రతి శనివారము తమ యింటిని, ఊరిని గూర్చి అయిదు వాక్యములు వ్రాయవలెను.

ఈ మూడవ పాఠమును గూర్చి నా తప్పు నొకటి చెప్పుకొనవలెను. నేను పొరుగున నున్న ఆంధ్రప్రదేశములో, గోదావరీ ప్రాంతమున, శిక్షణ పొంది వచ్చినవాడను. వచ్చిన తొలి యేడు ఒక బాలుడు "మా ఇంటి వెనుక గెడ్డ ఉన్నది" అని వ్రాసెను. నేను ఎఱ్ఱసిరాతో 'గెడ్డ' కొట్టివేసి 'వాగు' అని దిద్దితిని. మరుసటి వారము ఆ బాలుడు రెండు వాక్యములే వ్రాసి తెచ్చెను. కారణమడుగగా, "మిగతావన్నీ మా ఇంటి మాటలండీ. తప్పవుతాయని రాయలేదు" అనెను. ఆ సాయంత్రము నాకు అన్నము సహింపలేదు. మరునాడు నల్లబల్లపై గెడ్డ, వాగు అను రెండు మాటలను ప్రక్కప్రక్కనే వ్రాసి, రెండును తెలుగే యని చెప్పితిని. నాటినుండి నేను ఇంటి మాటను కొట్టివేయలేదు; దాని ప్రక్కన పుస్తకపు మాటను చేర్చుచున్నాను.

ఈ సత్యమును మనకు బోధించిన మహనీయుడు మన ప్రాంతమున ఉపాధ్యాయుడుగా నుండినవాడే. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో చిరకాలము బోధించిరి. సవరల భాషను వారి నోటనే విని నేర్చి, వారికి పాఠపుస్తకములు రచించిరి. జనుల నోట నున్న భాషకే చదువులో స్థానముండవలెనని జీవితాంతము వాదించిరి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినది. వారు 1940లో కన్నుమూసిరి.

ఆగస్టు 15న స్వాతంత్ర్యదినోత్సవమున మూడవ తరగతి పిల్లలు తెలుగున, ఒడియాలో గీతములు పాడుదురు. ఆగస్టు 29న పంతులుగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవము. ఆనాడు ప్రతి బిడ్డయు అవ్వనో తాతనో అడిగి తెలిసికొన్న ఒక ఇంటి మాటను, దాని యర్థముతో, సభలో చెప్పవలెను. ఆ మాటలన్నిటిని ఒక పుస్తకమున వ్రాయించి తరగతిలో నుంతుము. సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవము.

తెలుగు చదివిన ఏమి లాభమని కొందరు తల్లిదండ్రులు నన్ను అడుగుచున్నారు. ఒడియాను, ఇంగ్లీషును బాగుగా నేర్పుడు. నేనును అదియే కోరుదును. కాని పిల్లవాడు తెలిసిన భాషలో ఆలోచించుట నేర్చినచో తెలియని భాషను త్వరగా పట్టుకొనును. 1956లో జరిగిన 7వ సవరణచే రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని అది చెప్పుచున్నది. సౌకర్యమున్నను, బల్లపై కూర్చుండు పిల్లలు లేనిచో తరగతి నిలువదు.

కావున రాత్రి భోజనమైన పిదప పావుగంటసేపు బిడ్డచే బిగ్గరగా చదివింపుడు. చదువురాని తల్లియైనను వినవచ్చును, కథ చెప్పవచ్చును. ఆగస్టు 29న ఒక్క మాటయైనను లేకుండ ఏ బిడ్డయు బడికి రాకుండునట్లు చూడుడని నా ప్రార్థన.