లక్కమ్మ త్రిప్పిపంపిన బియ్యము

12వ శతాబ్దమున కల్యాణపట్టణమున నేలరాలిన బియ్యపుగింజలను ఏరితెచ్చుటయే మారయ్య కాయకము. కన్నడమున ‘ఆయ్ద అక్కి’ యనగా ఏరిన బియ్యము. ఆయ్దక్కి మారయ్య యను పేరు దానివలననే కలిగినది. ఆ గింజలతోనే ఆ దంపతులు జంగమదాసోహము నడపుచుండిరి.

ఒకనాడాయన నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెనని శరణుల కథలు చెప్పుచున్నవి. అది దొంగసొత్తు కాదు. మనమైనచో దైవానుగ్రహమని కుండలో పోసికొందుము! ధర్మపత్ని లక్కమ్మ మాత్రము సంతోషింపలేదు. నాటి దాసోహమునకు వలసినది చాలును. రేపటికని దాచుట శివుడు రేపు ఈయడేమోయని శంకించుటయే కదా! ఎక్కువైన దానిని తెచ్చినచోటనే పోసిరమ్మని ఆమె భర్తను మందలించెను. మారయ్య సోమరి కాడు, ఆశపోతును కాడు. అయినను రేపటి భయము ఆ మూటలో చేరినది. సాధ్వి కనిపెట్టినది దానినే.

మారయ్య మారుపలుకక మూట నెత్తుకొని వచ్చినదారినే మరలెను.