టైడల్ ఫ్లాట్ కార్బొనేట్ శిలలు: సూక్ష్మదర్శినిలో గుర్తింపు

పలుచని ఛేదం ప్రామాణిక మందం: 0.03 మి.మీ. వర్గీకరణలు: ఫోక్ (1959, 1962), డన్‌హామ్ (1962). పోటీ పరీక్షలో పేరు–సంవత్సరం జతపరచమని అడగవచ్చు.

మైక్రైట్: 4 మైక్రాన్ల లోపు సున్నపు బురద. స్పారైట్: రేణువుల మధ్య పెరిగిన, కాంతి బాగా పారే కాల్సైట్.

ముఖ్యం: ఆటుపోట్ల మైదానానికి (టైడల్ ఫ్లాట్) బలమైన ఆనవాళ్లు పక్షికన్ను రంధ్రాలు (ఫెనెస్ట్రే), సూక్ష్మజీవుల చాపల వల్ల ఏర్పడిన సన్నని పొరలు, ఎండు పగుళ్లు, జిప్సం స్ఫటికాల ఆకారాలు. ఏ ఒక్కటీ చాలదు, కలిసి కనిపించాలి. ఒకే ఆనవాలు చూపే ఐచ్ఛికాన్ని వెంటనే ఎంచుకోకండి.

అలిజరిన్ రెడ్–ఎస్ పరీక్ష: కాల్సైట్ ఎర్రబడుతుంది, డోలమైట్‌కు రంగు పట్టదు.

నేటి ఉదాహరణలు: అబుదాబి సబ్ఖా, బహామాస్‌లోని ఆండ్రోస్ దీవి.

మన దగ్గర: కడప బేసిన్ వేంపల్లె డోలమైట్‌లో స్ట్రొమటోలైట్లు (సూక్ష్మజీవుల చాపలు కట్టిన పొరల నిర్మాణాలు) ఉన్నాయి; తుమ్మలపల్లె యురేనియం ఈ శిలల్లోనిదే.