సేవకు బయల్దేరుతున్నారా? ముందు మెట్లెక్కండి

షార్జాలోనో అబూదాబీలోనో నర్సుగా, ల్యాబ్ టెక్నీషియన్‌గా, డాక్టరుగా పనిచేస్తున్నారు. అక్టోబరులో నేపాల్ కొండల్లో జరిగే ఉచిత వైద్య శిబిరానికి పేరిచ్చారు. శిబిరం చేరడానికే నాలుగైదు రోజులు నడవాలి. పేరిచ్చిన రాత్రి సంతోషంతో నిద్ర పట్టి ఉండదు. మంచిదే. ఆ సంతోషం చల్లారకముందే ఒక్క మాట గట్టిగా అనుకోండి: సేవ చేయడానికి వెళ్లి, సేవ చేయించుకుని రాకూడదు.

దారిలో మీరు కూలబడితే ఏమవుతుందో ఆలోచించండి. మందుల పెట్టెలు మోయాల్సిన పోర్టర్లు మిమ్మల్ని మోస్తారు. రోగుల కోసం తెచ్చిన ఆక్సిజన్ మీకు పెడతారు. ఎక్కడో పై ఊరి నుంచి నడిచొచ్చిన ముసలమ్మ మీరు తేరుకునేదాకా బయటే కూర్చుంటుంది. మీరు ఇక్కడ చేసుకునే సాధన అంతా ఆ ముసలమ్మకు పడిన బాకీ అనుకోండి. అప్పుడు బద్ధకం దగ్గరికి రాదు.

కాళ్లతో మొదలుపెడదాం. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వమే నిషేధం పెడుతుంది. అలాంటి వేసవిలో హత్తా కొండల్లో నడక పెట్టుకోవద్దు. అలాగని ఎండను సాకుగా చూపితే కళ్లు మూసి తెరిచేలోగా అక్టోబరు వచ్చేస్తుంది. కొండ మీ బిల్డింగ్‌లోనే ఉంది. అంతస్తుకు మూడు మీటర్ల పైచిలుకు వేసుకున్నా, ముప్పై అంతస్తులు ఎక్కితే దాదాపు వంద మీటర్లు. ఎవరెస్టు బేస్ క్యాంపు దారిలో ఫాక్‌డింగ్ 2,610 మీటర్ల ఎత్తున ఉంటే నామ్‌చే బజార్ 3,440 మీటర్ల ఎత్తున ఉంది. చాలామంది ఒక్క రోజులో ఎక్కే ఆ తేడా మీ మెట్ల లెక్కలో ఎనిమిదిసార్లు. మొదటి వారం ఒక్కసారి ఎక్కండి, చాలు. తర్వాత నెమ్మదిగా పెంచుకుంటూ పోండి. అత్యవసర మెట్ల దారిలో ఏసీ ఉండకపోవచ్చు, కొన్ని తలుపులు లోపలి నుంచి తెరుచుకోవు. నీళ్ల సీసా పట్టుకెళ్లండి, నాతూర్‌తో, అంటే బిల్డింగ్ వాచ్‌మన్‌తో, ముందే చెప్పి వెళ్లండి.

చాలామంది మెట్లెక్కి లిఫ్టులో దిగుతారు. సాధనలో సగం అక్కడే పోతుంది. కొండ మీద తొడలనూ మోకాళ్లనూ పిండేసేది దిగుడే. అందుకే దిగేటప్పుడూ మెట్లే, వీపున సంచితో, ప్రయాణంలో వేసుకునే బూట్లతోనే. బయల్దేరే ముందు రోజు కొత్త బూట్లు కొన్నవాళ్లకు రెండో రోజే మడమలు బొబ్బలెక్కుతాయి.

‘అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాళ్లం, మాకేంటి?’ అంటారు మనవాళ్లు. ఆ కాళ్ల బలం నిజమే, దాన్ని తక్కువ చేయను. కానీ తిరుమల ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. రస్ అల్ ఖైమాలోని జెబెల్ జైస్ కూడా 1,934 మీటర్లే. కొండజబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. అంటే ఎమిరేట్స్‌లో మీరెన్ని కొండలు ఎక్కినా గాలి పలచబడితే ఎలా ఉంటుందో ఒంటికి తెలియదు. మూడున్నర వేల మీటర్ల దగ్గర ఒక్కో ఊపిరికి దొరికే ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికేదానిలో మూడింట రెండొంతులే. కండబలంతో ఆ లోటు పూడదు. రోజులు ఇవ్వాల్సిందే. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ముందు రోజుకన్నా 500 మీటర్లకు మించి ఎత్తున ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి పైకి వెళ్లకుండా ఆగిపోవాలి. నిర్వాహకులు పంపిన షెడ్యూలులో ఆ విశ్రాంతి రోజులున్నాయా? లేకపోతే నిలదీయండి. సరైన జవాబు రాకపోతే ఆ బృందంతో వెళ్లకండి. కొండజబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలా వద్దా అన్నది మీ డాక్టరుతో తేల్చుకోండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి.

ఇక్కడ మనసు సంగతి ఒకటుంది. వైద్యరంగంలో ఉన్నవాళ్లమే మన తలనొప్పిని దాచుకుంటాం. ‘నర్సునై ఉండి నేనే పడిపోతే ఎలా?’ అన్న మొహమాటం. ఆ మొహమాటం కొండ మీద ప్రాణం తీస్తుంది. తలనొప్పి, వికారం మొదలైతే పక్కవాళ్లకు చెప్పి ఎక్కడం ఆపండి. నడక తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా కిందికి దిగాలి, అర్ధరాత్రైనా సరే.

గల్ఫ్‌కు ఎందరినో పంపిన నిజామాబాద్ జిల్లా నుంచే మాలావత్ పూర్ణ వచ్చింది. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో, తోటి విద్యార్థి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. ఆ సాధన భువనగిరి బండ మీద మొదలై డార్జిలింగ్, లద్దాఖ్‌ల చలిలో సాగింది. ఎండలో పెరిగిన పిల్లల్ని ఉన్నపళంగా మంచులోకి తోసేయలేదు. మెట్టు మెట్టుగా తీసుకెళ్లారు. మనకూ అదే దారి.

కాగితాల పని విసుగే, కానీ తప్పదు. ఇక్కడి హెల్త్ అథారిటీ లైసెన్సు అక్కడ చెల్లదు. డాక్టర్లకు నేపాల్ మెడికల్ కౌన్సిల్ తాత్కాలిక అనుమతి కావాలి, నర్సులు అక్కడి నర్సింగ్ కౌన్సిల్ నియమాలు కనుక్కోవాలి. ఇన్సూరెన్సు పాలసీలో ఎంత ఎత్తు వరకు కవరేజీ ఉందో, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారో లేదో చదవండి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రయాణ ఖర్చుకో శిబిరం మందులకో వాట్సాప్ గ్రూపులో చందా అడగకండి. 2021 నాటి 3వ ఫెడరల్ డిక్రీ చట్టం ప్రకారం ఎమిరేట్స్‌లో అనుమతి ఉన్న సంస్థలు తప్ప వ్యక్తులు విరాళాలు సేకరించకూడదు. జరిమానాలు భారీగా ఉంటాయి. గల్ఫ్ ఫర్ గుడ్ అనే సంస్థ 2001 నుంచి దుబాయ్ కేంద్రంగా కొండనడకల ద్వారా పిల్లల సేవాసంస్థలకు నిధులు సమకూరుస్తోంది. అలాంటి సంస్థ ద్వారా వెళ్లడమే పద్ధతి.

ఇప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం. శిబిరంలో ఒక రైతుకు బీపీ బాగా ఎక్కువని తేలింది. అయిదు రోజుల మాత్రలిచ్చారు, ఫొటో దిగారు, వచ్చేశారు. ఆరో రోజు అతని సంగతేంటి? దీనికి జవాబు లేకుండా విమానం ఎక్కకండి. నేపాల్‌లో 1988 నుంచి ఊరూరా మహిళా ఆరోగ్య స్వచ్ఛంద కార్యకర్తలున్నారు, యాభై వేల మందికి పైనే. మీరు రాసిన చీటీ అక్కడి హెల్త్ పోస్టుకూ ఆ అక్కలకూ అర్థం కావాలి, మీరిచ్చే మందు అక్కడ దొరికేదై ఉండాలి. మీరు వచ్చేశాక వైద్యం చూసేది వాళ్లే. ఎడ్మండ్ హిల్లరీ 1966లో ఎవరెస్టు ప్రాంతంలోని ఖుందేలో కట్టించిన ఆస్పత్రిని మొదట్లో విదేశీ డాక్టర్లే నడిపేవారు. అక్కడే ఆరోగ్య కార్యకర్తగా చేరిన కామీ తెంబా షెర్పా ఫిజీ వెళ్లి వైద్యం చదివి, తిరిగొచ్చి అదే ఆస్పత్రి బాధ్యత తీసుకున్నారు. శిబిరానికి వెళ్తున్న ప్రతి ఒక్కరూ ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలని నా కోరిక.

ఇంట్లో వాళ్లకు చెప్పారా? ఏడాదికి దొరికేది ముప్పై రోజుల సెలవు. అందులో పన్నెండు రోజులు కొండలకు పోతే అమ్మ ఊరుకోదు. ‘ఇంటికి రమ్మంటే సెలవు లేదంటావు, కొండలెక్కడానికి ఉందా?’ అని అడుగుతుంది. అడిగే హక్కు ఆమెకుంది. టికెట్లు కొన్నాక చెప్పడం కన్నా ఆరు నెలల ముందే చెప్పండి. మిగిలిన పద్దెనిమిది రోజుల్లో ఎప్పుడు వస్తారో తేదీతో సహా చెప్పండి. కొండ మీద సిగ్నల్ ఉండని రోజులేవో కాగితం మీద రాసి ఇవ్వండి, లేకపోతే ఆమె ఆ రోజులన్నీ ఫోన్ చేతిలో పట్టుకునే గడుపుతుంది.

చివరి తయారీకి పైసా ఖర్చు లేదు. మీ బిల్డింగ్ సెక్యూరిటీలోనో, ఆస్పత్రి క్యాంటీన్‌లోనో ఒక నేపాలీ తమ్ముడు ఉండే ఉంటాడు. ఈ సాయంత్రం డ్యూటీ దిగాక అతని దగ్గర ఆగి రెండు నేపాలీ మాటలు నేర్చుకోండి. ‘కహా దుఖ్ఛ?’ అంటే ఎక్కడ నొప్పి అని. ‘బిస్తారై’ అంటే మెల్లగా అని. సరిగ్గా పలికేదాకా అతనితోనే దిద్దించుకోండి. అతనిది ఏ ఊరో, అక్కడ ఆస్పత్రి ఎంత దూరమో కూడా అడగండి.