చెడిన డిస్కునుండి చెడని అక్షరము

విద్యార్థులారా! పళ్ళికొండ, గుడియాత్తము, వేలూరు ప్రాంతములందలి తెలుగువారి ఇండ్లలో అటకమీది పెట్టెలను వెదకినచో పాత వాచకములు, శతకములు, హరికథల నోటుపుస్తకములు కానవచ్చుచుండును. ఇట్టివి ఇచటి అంగళ్ళలో దొరకుట అరుదు. చెదలు తిన్నచో మరల రావు. కావున వీని పుటలను చిత్రములుగా తీసి కంప్యూటరులో దాచుట మంచిది. కాని డిస్కు మాత్రము శాశ్వతమా? కాదు. అదియు ఒక యంత్రమే; ఏదో యొకనాడు చెడును. అది చెడినను అక్షరము నిలుచుటకు చేసిన ఏర్పాటే డిస్కుల శ్రేణి. దాని అమరికను ఈ పాఠమున తెలిసికొందము.

శ్రేణి యనగా నేమి?

1988లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు, ఖరీదైన పెద్ద డిస్కునకు బదులు చవుకైన చిన్న డిస్కులను పెక్కింటిని జతపరచి వాడవచ్చునని ఒక వ్యాసమున వివరించిరి. ఈ పద్ధతికి రెయిడ్ అని పేరు. ఏ భాగము ఏ డిస్కున వ్రాయవలెనో నిర్ణయించు పరికరము కంట్రోలరు.

పోయినదానిని ఇది ఎట్లు రాబట్టును? కంప్యూటరులో ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య కలదు. యూనికోడు పద్ధతిలో ‘అ’ 3077, ‘ఆ’ 3078. వీనిని ఒకట్లు సున్నలుగా వ్రాసినచో ‘అ’ చివరి నాలుగు స్థానములు 0101, ‘ఆ’వి 0110. ఒకే స్థానమున రెండును సమానమైనచో 0, భిన్నమైనచో 1 వ్రాయుదము, 0011 వచ్చును. దీనిని మూడవ డిస్కున ఉంచుదము. ఇప్పుడు ‘ఆ’ ఉన్న డిస్కు చెడినదనుకొనుడు. మిగిలిన 0101ని, 0011ని అదే విధముగా పోల్చిచూడుడు. 0110 వచ్చును, ‘ఆ’ తిరిగి దొరకినది!

అమర్చవలసిన విషయములు

మొదటిది స్థాయి. 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు కలవనుకొందము. సున్న స్థాయిలో 16 టెరాబైట్లును వాడుకొనవచ్చును. కాని ఒక్కటి చెడినను శ్రేణి అంతయు పోవును. అయిదవ స్థాయిలో 12 దక్కును. ఒకటి చెడినను భయము లేదు. ఆరవ స్థాయిలో 8 మాత్రమే దక్కును. రెండు చెడినను నిలుచును. పెద్ద డిస్కును మరల నింపుటకు చాల గంటలు పట్టును. ఆ వ్యవధిలో రెండవది చెడవచ్చును. కావున మరల దొరకని గ్రంథములకు ఆరవ స్థాయియే మేలు.

రెండవది వ్రాతపద్ధతి. ఒక గుమాస్తా ఆవర్జాలో ఎక్కించిన పిమ్మటనే “అయినది” అనును. వేరొకడు పలకమీద వ్రాసికొని, వెంటనే “అయినది” అని, తీరికగా ఆవర్జాలో ఎక్కించును. రెండవవాని పని వేగము. కాని నడుమ వాన పడినచో పలక చెరిగిపోవును. కంట్రోలరు జ్ఞాపకము ఆ పలక వంటిది. విద్యుత్తు పోవుటయే ఆ వాన. కంట్రోలరునకు బ్యాటరీ రక్షణ ఉన్నప్పుడే రెండవ పద్ధతి నెన్నుకొనవలెను. లేనిచో మొదటిదే శరణ్యము.

మూడవది కాపరి డిస్కు. ఖాళీ డిస్కునొకదానిని ముందే చేర్చి ఉంచినచో, ఒకటి చెడిన వెంటనే కంట్రోలరు దానిని పనిలో పెట్టును.

నాల్గవది తనిఖీ. అన్ని డిస్కులను అప్పుడప్పుడు చదివిచూచు ఏర్పాటును నడుపుచుండవలెను. తెరువని పెట్టెలోని చెదలు కంటబడవు గదా!

అయిదవది మిక్కిలి జాగ్రత్త కోరునది. కంట్రోలరు చెడి క్రొత్తది పెట్టినప్పుడు, డిస్కులలోని పాత అమరికను స్వీకరింపవలెనా, తుడువవలెనా అని అది అడుగును. తొందరపడి తుడువుమన్నచో శ్రేణి ఛిన్నాభిన్నమగును. ఏ డిస్కు ఏ గూటిలోనిదో ముందే చీటీ అంటింపుడు.

శ్రేణి ఒక్కటియే చాలునా?

చాలదు. పొరపాటున చెరిపిన పుట శ్రేణి అంతటను చెరిగిపోవును. అగ్నిప్రమాదమున డిస్కులన్నియు ఒకేసారి పోవును. కావున వేరొక చోట వేరొక నకలుండవలెను. మన పొరుగు చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1994లో ట్యూరింగు పురస్కారము నందిన రాజ్ రెడ్డిగారు పది లక్షల పుస్తకములను కంప్యూటరు కెక్కించు ఉద్యమమునకు నాయకత్వము వహించిరి. దానితో ముడిపడిన భారత డిజిటల్ గ్రంథాలయమున వేలకొలది తెలుగు పుస్తకములు చేరినవి. తరువాత ఆ గ్రంథాలయపు తొలి చిరునామా మూతపడినను, నకళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవున ఉండుటచే పెక్కు పుస్తకములు మనకు దక్కినవి.

తలిదండ్రులకు ఒక మనవి. మీ ఇంటి పాత తెలుగు పుస్తకమును పాత కాగితములవానికి తూచి ఇచ్చుటకు ముందు ఒక్కమారు తెరచి చూడుడు. దానికి వేరొక ప్రతి ఎచటను లేకపోవచ్చును.

అభ్యాసము

1. 1010, 0111 అను వానికి పోలిక సంఖ్యను కనుగొనుడు. 0111 పోయినచో ఎట్లు రాబట్టుదురు?
2. 2 టెరాబైట్ల డిస్కులు ఆరింటిని ఆరవ స్థాయిలో అమర్చినచో ఎంత చోటు దక్కును?
3. బ్యాటరీ లేని కంట్రోలరునకు ఏ వ్రాతపద్ధతి తగును? కారణము వ్రాయుడు.