రామప్పకు వచ్చే ముందు

హన్మకొండ,
కార్తీక మాసం.

చిరంజీవి శ్రీకాంత్‌కు మామయ్య ఆశీస్సులు.

రామప్ప, లక్నవరం, మేడారం, బొగత, నాలుగూ ఒక్కరోజులో చూపిస్తానని హైదరాబాద్‌లో నీ దోస్తులకు మాటిచ్చావట. ఫోన్‌లో చెబితే "సరే మామా" అని సగంలోనే పెట్టేస్తావు. అందుకే కాగితం పట్టాను.

ముందు దారి లెక్క చూద్దాం. హన్మకొండ నుంచి ములుగు రోడ్డు మీద గూడెప్పాడ్, మల్లంపల్లి దాటాక గట్టమ్మ గుడి వస్తుంది. మేడారం పోయేవాళ్లు అక్కడ మొక్కి గానీ ముందుకు కదలరు. ములుగు దాటి జంగాలపల్లి దగ్గర పక్కకు తిరిగితే పాలంపేట, అంటే రామప్ప. లక్నవరానికి మళ్లీ పెద్ద రోడ్డెక్కి, చల్వాయి దగ్గర లోపలికి పోవాలి. ఇంతవరకు ఒక్కరోజులో హాయిగా సరిపోతుంది. బొగత జలపాతం అలా కాదు. తాడ్వాయి అడవి, ఏటూరునాగారం, ఆపైన గోదావరి వంతెన దాటి వాజేడు మండలంలోకి పోవాలి. హన్మకొండ నుంచి 130 కిలోమీటర్లకు పైమాటే. ఈ రోజుల్లో ఆరయ్యేసరికి చీకటి పడుతుంది. మేడారం, బొగత ఇంకో ప్రయాణానికి ఉంచు.

మాటిచ్చాక వెనక్కి తగ్గడం నామోషీ అనుకోకు. పదిమందిని వెంటబెట్టుకుని బయల్దేరేవాడు అందరికంటే వెనక నడిచేవాణ్ని చూసి అడుగు వెయ్యాలి. నేను చెప్పదలచింది ఈ ఒక్కటే. వెనకబడేది కాళ్లు సాగకే కాదు. ఒకడి జేబులో డబ్బుండదు, ఒకడికి నీళ్లంటే భయం, ఒకమ్మాయికి ఇంట్లో అనుమతి అంతంతమాత్రం. వీళ్లెవరూ నోరు తెరిచి చెప్పరు. నువ్వే కనిపెట్టాలి.

డబ్బు సంగతి ముందే తేల్చుకో. తుఫాన్ బండి కిరాయి, భోజనం, టీలు అన్నీ కలిపి మనిషికింత అని బయల్దేరకముందే చెప్పు. తక్కువలో తక్కువ ఇవ్వగలిగేవాడికి అందేలా ఆ మొత్తం ఉండాలి. వసూలైన డబ్బు ఒక్కరి దగ్గరే ఉంచి, లెక్క అందరికీ చూపించు. బోటు షికారు లాంటివి ఎక్కినవాళ్ల ఖర్చు. ఎక్కనివాళ్ల మీద వెయ్యొద్దు. హోటల్ ముందు "నాకు ఆకలిగా లేదురా" అన్నవాణ్ని నమ్మకు. వాడికి ఆకలి ఉంది, డబ్బు లేదు. అందుకే మధ్యాహ్నం తిండి ఇక్కడి నుంచే కట్టుకుపొండి. మీ అత్తమ్మ పులిహోర, సర్వపిండి చేసిస్తానంది. డ్రైవరును కూడా మీతోపాటే కూర్చోబెట్టుకుని తినండి.

రామప్పకు ఎండ ముదరకముందే చేరండి. గుడిలోకి చెప్పులు విప్పి పోవాలి, మధ్యాహ్నమైతే రాయి కాలుతుంది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రుద్రేశ్వరాలయం అది. 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఫొటోలు దిగేముందు ఒకసారి చుట్టూ తిరగండి. గోడలు ఎర్ర ఇసుకరాయి, చూరు కింద వాలుగా నిలిచిన మదనికలు నల్లరాయి. ఆ నలుపు ఇన్ని వందల ఏళ్లకూ మెరుపు తగ్గలేదు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. పైన బరువు తగ్గించడానికి వేసిన ఎత్తు అది. పునాది కింద గోతిలో ఇసుక నింపి, దాని మీద రాతి కట్టడం లేపారు. లోపలి నేల అక్కడక్కడా కుంగినా గుడి నిలబడే ఉంది. మీలో సివిల్ చదివేవాడుంటే ఇదంతా వాడిచేతే చెప్పించు. ఎప్పుడూ మాట్లాడనివాడికి మాట్లాడే వంతు దొరుకుతుంది.

నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోసింది జాయప సేనాని రాసిన నృత్తరత్నావళినీ, ఈ గుడి శిల్పాలనూ ఆధారం చేసుకునే. మీ గుంపులో నాట్యం నేర్చిన అమ్మాయి ఉందన్నావుగా, మండపంలో స్తంభాల దగ్గర ఆమెను తొందరపెట్టకండి. రాయిని తట్టితే సరిగమలు పలుకుతాయని ఎవరో చూపిస్తారు. మీరు మాత్రం తట్టొద్దు. వచ్చినవాళ్లంతా తలా ఒక దెబ్బ వేస్తే ఎంత రాయైనా అరగదా?

లక్నవరం కూడా కాకతీయుల కాలపు చెరువే. గుట్టల నడుమ దీవులు, వాటికి వేలాడే వంతెన. నడుస్తుంటే ఆ వంతెన ఊగుతుంది. ఇక్కడే కుర్రాళ్ల బుద్ధి బయటపడుతుంది. భయపడేవాణ్ని చూసి ఇంకా ఊపుతారు, వీడియో తీస్తారు. నువ్వు వాడి పక్కన నడువు. రానంటే ఒడ్డునే వాడితో కూర్చో, వంతెన ఎక్కడికీ పోదు. చెరువులోకి ఎవరూ దిగొద్దు. ఈత వచ్చినవాడికీ ఆ లోతు తెలియదు.

మూడున్నరకల్లా అక్కడి నుంచి కదలండి. ఆ రోడ్డు మీద ఇసుక లారీలుంటాయి, పొద్దుగూకే వేళ పశువులు అడ్డం వస్తాయి. డ్రైవరు చేతిలోంచి స్టీరింగ్ ఎవరూ అడగొద్దు. సీసాలు తెస్తాననేవాడుంటే వాడికి ఇప్పుడే వద్దని చెప్పెయ్. ఆడపిల్లల ఇళ్లకు బయల్దేరినప్పుడోసారి, హన్మకొండ చేరాకోసారి ఫోన్ చేయించు.

ఆదివారం పెట్టుకోకు, లక్నవరంలో జనం కిక్కిరిసి ఉంటారు. కార్తీక సోమవారం రామప్పలో భక్తుల రద్దీ. శనివారమైతే మేలు. శుక్రవారం రాత్రికే కాజీపేటలో దిగండి. మగపిల్లలకు మేడ మీద, ఆడపిల్లలకు లోపలి గదిలో పడక. ఎంతమందో బుధవారంలోగా చెప్పు, మీ అత్తమ్మ పిండి పట్టించుకోవాలి. రానని ఎవరైనా ఉత్తుత్తి సాకు చెబుతుంటే, వాడితో విడిగా మాట్లాడాకే లెక్క చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య