స్విచ్చి వేయుటకు ముందు: విద్యుత్ పంపిణీలో కంప్యూటరు ప్రణాళిక

దీపము వెలుగుచున్నంతసేపు విద్యుత్తును గూర్చి మనము ఆలోచింపము. అది ఆరిపోయినప్పుడే ఆలోచింతుము. అప్పుడును "కరెంటు ఎప్పుడు వచ్చును?" అను ఒక్క ప్రశ్నతోనే ఊరకుందుము. ఆ ప్రశ్నకు సమాధానము సబ్‌స్టేషనులోని ఆపరేటరు చేతిలోను, స్తంభమెక్కు లైన్‌మన్ చేతిలోను ఉన్నది. ఏ స్విచ్చి విడదీయవలెను, ఏది కలుపవలెను, ఏది ముందు, ఏది వెనుక అని వారు నిర్ణయించుకొను క్రమమునకే స్విచ్చింగ్ ప్రణాళిక అని పేరు. నేడు ఈ ప్రణాళికను కంప్యూటరు సాఫ్ట్‌వేరు సహాయముతో సిద్ధపరచు పద్ధతులు వచ్చినవి. ఆ పద్ధతులను, వాని ప్రయోజనమును, వాని పరిమితిని విద్యార్థులకు పరిచయము చేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన ప్రాంతపు పంపిణీ వ్యవస్థ

రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడినది. 1999 ఫిబ్రవరిలో అది ఉత్పత్తికి జెన్‌కోగా, ప్రసారమునకు ట్రాన్స్‌కోగా విడిపోయినది. 2000 సంవత్సరములో పంపిణీ బాధ్యత ప్రాంతీయ సంస్థలకు సంక్రమించినది. కొత్తపేటతో సహా కోనసీమ అంతయు విశాఖపట్నము కేంద్రముగా గల తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలోనిది.

33 కిలోవోల్టుల లైను సబ్‌స్టేషనుకు వచ్చును. అక్కడ వోల్టేజి 11 కిలోవోల్టులకు తగ్గి, ఫీడర్లు అనబడు లైన్ల ద్వారా ఊళ్లకు పోవును. ఊరిలోని ట్రాన్స్‌ఫార్మరు దానిని మరల 433 వోల్టులకు దించి ఇండ్లకు, మిల్లులకు, పొలములలోని మోటార్లకు అందించును.

డెల్టాలో పుట్టి పెరిగిన వారికి దీనిని కాలువలతో పోల్చి చెప్పుట సులభము. ధవళేశ్వరము ఆనకట్ట నుండి ప్రధాన కాలువ, దాని నుండి చిన్న కాలువలు, వాని నుండి బోదెలు చీలినట్లే విద్యుత్తు కూడ చీలిపోవును. కాలువకు తూము ఎట్టిదో ఫీడరుకు స్విచ్చి అట్టిది. అయితే ఈ పోలిక ఒకచోట నిలువదు. కాలువలో నీరున్నదో లేదో గట్టుమీద నిలిచి చూడవచ్చును. తీగలో విద్యుత్తు ఉన్నదో లేదో కంటితో చూచి చెప్పగలవాడు లేడు. ఈ వ్యాసములో చెప్పబోవు జాగ్రత్తలన్నిటికిని ఇదియే మూలము.

కోనసీమలో ఈ పని మరికొంత కష్టము. ఇచట లైన్లు కొబ్బరితోటల నడుమ సాగును. గాలివీచినచో మట్టలు తీగలపై పడును. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు నేలను విడదీయుటచేత ఒకవైపు లైను చెడినప్పుడు మరొకవైపు నుండి విద్యుత్తు తెచ్చుకొను దారులు పరిమితముగా నుండును. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపానును చూచినవారికి, స్తంభములు కూలిన తరువాత ఒక్కొక్క ఊరికి వెలుగు తెచ్చుట ఎంతటి పనియో తెలియును.

ఒక ఉదాహరణము

రెండు ఫీడర్లను ఊహించుకొందము. వానిని "క" అనియు, "ఖ" అనియు పిలుతము. ఒక్కొక్కదానికి సబ్‌స్టేషనులో ఒక బ్రేకరు కలదు. "క" ఫీడరు మీద దారిలో 1, 2 అను రెండు ఏ.బి. స్విచ్చులు కలవు. దాని చివర "ఖ" ఫీడరుతో కలుపు 3వ స్విచ్చి కలదు. సామాన్య దినములలో ఈ 3వ స్విచ్చి విడదీసియే ఉండును. ప్రతి ఊరికి ఒకేవైపు నుండి విద్యుత్తు వచ్చునట్లు చూచుట ఈ పంపిణీ పద్ధతిలో నియమము.

1, 2 స్విచ్చుల నడుమ కొబ్బరిమట్ట పడి తీగ తెగినదనుకొందము. "క" బ్రేకరు దానంతట అది పడిపోవును. తరువాత చేయవలసిన పని ఈ క్రమములో సాగవలెను.

మొదట 1, 2 స్విచ్చులు రెండును విడదీయవలెను. అప్పుడు చెడిన భాగము రెండువైపుల నుండియు వేరగును. పిమ్మట "క" బ్రేకరు వేసినచో 1వ స్విచ్చికి ఇవతలనున్న ఊళ్లకు కరెంటు వచ్చును. 2వ స్విచ్చికి అవతలి ఊళ్లను "ఖ" ఫీడరు మోయగలదా అని లెక్కచూడవలెను. మోయగలిగినచో "ఖ" బ్రేకరును క్షణకాలము ఆపి, 3వ స్విచ్చి కలిపి, మరల బ్రేకరు వేయవలెను. బ్రేకరును ఆపుట ఎందుకనగా, సాధారణమైన ఏ.బి. స్విచ్చి లోడు మీద వేయుటకు, తీయుటకు తగినది కాదు. అట్లు చేసినచో మంట లేచి స్విచ్చి దగ్గరనున్న మనిషికే ప్రమాదము.

ఇక తెగిన భాగములో పని చేయువారు విద్యుత్తు లేదని పరీక్షించి, పని జరుగు చోటికి రెండువైపుల ఎర్తు రాడ్లు తగిలించి, ఎల్.సి. తీసుకొనవలెను. ఎల్.సి. అనగా ఈ లైనులో మనుషులున్నారు, వారు తిరిగి అప్పగించువరకు దీనిని ముట్టరాదు అను వ్రాతపూర్వకమైన ఒప్పందము. మరమ్మతు ముగిసిన పిదప మనుషులందరును దిగినారని లెక్కించి, రాడ్లు తీసి, ఎల్.సి. తిరిగి ఇచ్చిన తరువాతనే పాత స్థితికి మరలవలెను. "ఖ" బ్రేకరు ఆపి 3వ స్విచ్చి విడదీసి "ఖ" వేయవలెను. "క" బ్రేకరు ఆపి 1, 2 కలిపి, చివర "క" వేయవలెను.

ఇందులో ఒక్క మెట్టు తప్పినచో ఏమగునో చూడుడు. 2వ స్విచ్చి విడదీయుట మరచి 3వ స్విచ్చి కలిపినచో "ఖ" ఫీడరు నుండి విద్యుత్తు వెనుకదారిని వచ్చి మరమ్మతు చేయువాని చేతిలోని తీగకు చేరును. ఎర్తు రాడ్లు తగిలించుట అట్టి సమయములో అతనికి మిగులు చివరి రక్ష. క్రమము తప్పిన స్విచ్చింగ్ కాగితము మీద చిన్న పొరపాటు, స్తంభము మీద ఒక కుటుంబపు దీపము ఆరుట.

లెక్క ఎందుకు పెద్దదగుచున్నది

మూడు స్విచ్చులున్నప్పుడు ఆపరేటరు బుద్ధియే చాలును. కాని ప్రతి స్విచ్చి కలిసి యుండవచ్చును, లేదా విడిపోయి యుండవచ్చును. కనుక పది స్విచ్చులకు 1,024 స్థితులు, ఇరువదింటికి 10,48,576 స్థితులు, ముప్పదింటికి నూరు కోట్లకు పైబడిన స్థితులు ఏర్పడును. వీనిలో అత్యధిక భాగము పనికిరానివి. కొన్నింటిలో ఊళ్లు చీకటిలో మిగిలిపోవును, కొన్నింటిలో రెండు ఫీడర్లు చక్రముగా కలిసిపోవును. మంచివానిని ఏరుటకు యంత్రము కావలసివచ్చినది.

స్విచ్చుల అమరిక వలన విద్యుత్ నష్టము కూడ మారును. తీగలో వేడిగా పోవు శక్తి ప్రవాహము యొక్క వర్గమును అనుసరించును. సమానమైన నిరోధము గల రెండు ఫీడర్లలో ఒకదానిలో 150 ఆంపియర్లు, రెండవదానిలో 50 ఆంపియర్లు పోవుచున్నవనుకొనుడు. వర్గముల మొత్తము 22,500, 2,500 కలిసి 25,000. స్విచ్చులు మార్చి చెరి 100 ఆంపియర్లు చేసినచో ఆ మొత్తము 20,000 మాత్రమే. కొత్త తీగ ఒక్క మూరెడైనను వేయకయే నష్టము అయిదవ వంతు తగ్గినది.

ఈ విషయముపై మెర్లిన్, బ్యాక్ అను పరిశోధకులు 1975లో ప్రకటించిన వ్యాసము తొలి మార్గమును చూపినది. 1989లో బరన్, వూ అనువారు 33 కూడళ్లు గల ఒక నమూనా వ్యవస్థను ప్రకటించిరి. అందులో నష్టము మొదట సుమారు 203 కిలోవాట్లు. విడదీసి యుంచవలసిన అయిదు స్విచ్చులను సరిగా ఎన్నుకొన్నచో అది సుమారు 140 కిలోవాట్లకు దిగునని తరువాతి పరిశోధకులు చూపిరి. నేటికిని కొత్త పద్ధతి కనిపెట్టినవారు దానిని మొదట ఈ నమూనాపైననే పరీక్షించుట పరిపాటి.

సాఫ్ట్‌వేరు చేయు పని

ప్రణాళికకు ఉపకరించు సాఫ్ట్‌వేరు ముఖ్యముగా మూడు పరీక్షలు జరుపును.

మొదటిది దారి పరీక్ష. ప్రతి స్విచ్చి మార్పు తరువాత ఏ భాగములో విద్యుత్తు ఉన్నది, ఏ భాగములో లేదు, ఎక్కడనైన చక్రము ఏర్పడినదా అని చూచును. రెండవది లోడు పరీక్ష. ఏ తీగపై ఎన్ని ఆంపియర్లు పోవునో, చివరి ఊరికి ఎంత వోల్టేజి చేరునో గణించును. మన నియమముల ప్రకారము 11 కిలోవోల్టుల సరఫరా నూటికి తొమ్మిది వంతులకు మించి తగ్గరాదు, అనగా సుమారు 10 కిలోవోల్టులకు దిగువకు పోరాదు. మూడవది క్రమ పరీక్ష. ఎర్తు రాడ్లున్న భాగమునకు విద్యుత్తు చేర్చు మెట్టు, లోడు మీద ఏ.బి. స్విచ్చి తీయు మెట్టు ఎక్కడనైన దొర్లినచో దానిని నిరాకరించును. ఈ మూడింటిలోను నెగ్గిన ప్రణాళికలలో తక్కువ మందికి తక్కువ కాలము కరెంటు పోవునట్టిదానిని ఎన్నుకొనును.

ఒక లైను ఆపినప్పుడు మిగిలినవి ఎంత బలహీనమగునో కూడ ముందుగానే చూడవలెను. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర భారతమును చీకటిలో ముంచిన సంఘటనకు ముందు బీనా, గ్వాలియరుల నడుమ 400 కిలోవోల్టుల లైన్లలో ఒకటి పనుల కొరకు ఆపబడియున్నది. మిగిలిన లైను భారము మోయలేక పడిపోగా విపత్తు ఒక ప్రాంతము నుండి మరొక ప్రాంతమునకు ప్రాకినది. అది ప్రసార వ్యవస్థకు చెందిన సంఘటన. అయినను అందలి పాఠము గ్రామ ఫీడరుకు కూడ వర్తించును.

మన రాష్ట్రములో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును దెబ్బతీసిన తరువాత, ప్రపంచ బ్యాంకు సహాయముతో నగరములో భూగర్భ కేబుళ్లు వేయు పని చేపట్టిరి. భూమిలోని కేబులు ఎక్కడ చెడినదో కంటికి కనబడదు. కనుక అట్టి చోట స్విచ్చింగును ముందుగా లెక్కించుకొనుట మరింత అవసరము.

పండుగనాటి ప్రణాళిక

లైను చెడినప్పుడే కాదు, బాగుగా నున్నప్పుడు కూడ దానిని ఆపవలసిన సందర్భములు కలవు. కనుమనాడు అంబాజీపేట దాపుననున్న జగ్గన్నతోటకు పదకొండు గ్రామముల ప్రభలు తరలివచ్చును. 2023 గణతంత్ర దినమున ఢిల్లీలో మన రాష్ట్ర శకటముగా నిలిచినది ఈ ప్రభల తీర్థమే. ప్రభ ఎత్తు, తీగ ఎత్తు ఒకదానికొకటి సమీపించిన చోట విద్యుత్తు ఉండరాదు. 2022 ఏప్రిలులో తంజావూరు దగ్గర రథము తీగను తాకి పదకొండుగురు మరణించిరి. 2023 జూలైలో జార్ఖండులోని బొకారో జిల్లాలో మొహర్రము ఊరేగింపులో నలుగురు మరణించిరి. తీగకు మతభేదము లేదు.

ఇట్టి దినమునకు ప్రణాళిక ఎట్లుండవలెను? ఊరేగింపు దారిని పటము మీద గీసి, అది దాటు ప్రతి లైనును గుర్తింపవలెను. ఏ భాగమును ఏ గంటకు ఆపవలెనో, ఆసుపత్రికి, మంచినీటి పంపులకు మరియొక దారి కలదో లేదో చూడవలెను. చివరి ప్రభ దాటినదని అక్కడ నిలిచిన మనిషి చెప్పినప్పుడే మరల వేయవలెను, గడియారమును చూచి కాదు. ఈ లెక్కను కంప్యూటరు నిమిషములలో వేయగలదు. కాని "దాటినది" అని చెప్పువాడు మనిషియే.

కంప్యూటరుకు తెలియనిది

కంప్యూటరు ఊరిని ఎరుగదు. తనకిచ్చిన పటమును మాత్రమే ఎరుగును. గాలివాన రాత్రి ఒక జంపరును ఒక ఫీడరు నుండి విప్పి మరొకదానికి కట్టి, ఆ సంగతిని పటములో వ్రాయకున్నచో, మరునాడు కంప్యూటరు "విద్యుత్తు లేదు" అని చూపు తీగలో విద్యుత్తు ఉండవచ్చును. యంత్రము అబద్ధము చెప్పలేదు. దానికి నిజము చెప్పినవారు లేరు.

అట్లే మిల్లులోని, చేపల చెరువు గట్టుమీది డీజిల్ జనరేటరు, ఇంటిలోని ఇన్వర్టరు తగిన మార్పిడి స్విచ్చి లేకుండ కట్టియున్నచో, అవి ట్రాన్స్‌ఫార్మరును వెనుకకు త్రిప్పి ఆపిన లైనులోనికి 11 కిలోవోల్టులను పంపగలవు. ఇవి ఏ పటములోను కనబడవు. అందుచేతనే ప్రణాళిక ఎంత బాగుగానున్నను, పరీక్షించి ఎర్తు చేసిన పిదపనే తీగను ముట్టవలెనను నియమమును ఏ సాఫ్ట్‌వేరును రద్దు చేయజాలదు.

విద్యార్థులకు ఒక మాట

ఈ విద్య మనకు అందనిది కాదు. అమెరికాలోని విద్యుత్ పరిశోధన సంస్థ 2008 నుండి ఓపెన్ డి.ఎస్.ఎస్. అను సాఫ్ట్‌వేరును అందరికిని ఉచితముగా ఇచ్చుచున్నది. పైన చెప్పిన 33 కూడళ్ల నమూనాను ఒక సాధారణ కంప్యూటరులో ఎక్కించి, స్విచ్చులు మార్చి, నష్టము ఎట్లు మారునో మన విద్యార్థులే చూడవచ్చును.

కళాశాల కమిటీవారికి కూడ ఒక విన్నపము. భౌతికశాస్త్ర, కంప్యూటరు విభాగముల విద్యార్థులు స్థానిక విద్యుత్ అధికారుల అనుమతితో, రోడ్డు మీద నిలిచియే, దేనిని ముట్టకయే, మన కళాశాలకు వచ్చు ఫీడరు యొక్క స్తంభములను, స్విచ్చులను, ట్రాన్స్‌ఫార్మర్లను గుర్తించి ఒక పటము గీయవచ్చును. ఆ పటమును అక్కడి లైన్‌మన్‌కు చూపి తప్పులు దిద్దించుకొనవలెను. తాము గీసినదానిలో ఎన్ని తప్పులున్నవో తెలిసిన దినమున, పటము నిజముగా నుండుట ఎంత విలువైనదో వారికి బోధపడును.

చదువుకొన్నవాడు లెక్కను ఎరుగును. లైన్‌మన్ స్తంభమును ఎరుగును. ఈ ఇద్దరును ఒకే పటము ముందు కూర్చున్నప్పుడే ప్రణాళిక సరియగును. రేపు మీలో కొందరు ఇంజనీర్లై స్విచ్చింగ్ ఆజ్ఞలు వ్రాయుదురు. ప్రతి మెట్టు వ్రాయునప్పుడు ఆ తీగ చివర చేయి ఉంచిన మనిషిని జ్ఞప్తియందుంచుకొనుడు.